జారిన జీపు తలుపు: పిన్ను మారిస్తే చాలా, హింజే మార్చాలా?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది ఎర్రగుంట్ల పక్కన పల్లె. పద్నాలుగేళ్ల పాత డీజిల్ జీపు ఉంది. ఏడాదిగా ఎడమ వైపు ముందు తలుపు కిందికి జారింది. రెండు చేతులతో పైకెత్తి వేస్తేనే పడుతుంది. మొన్న మా జేజిని ఆస్పత్రికి తీసుకుపోతుంటే, ఆమె వేసిన తలుపు సరిగా పడక ప్రొద్దుటూరు రోడ్డులో తెరుచుకున్నంత పనైంది. టింకరింగ్ షెడ్డులో అడిగితే హింజ్‌లు (తలుపును బండికి పట్టించే మడతబందులు) రెండూ మార్చి పిల్లర్‌కి (హింజ్‌లు బిగించిన నిలువు కమ్మీకి) పెయింట్ వేయాలి, ఆరేడు వేలు అవుతుందన్నారు. పక్కింటి మామేమో హింజ్ మధ్యలో ఇరుసులా ఉండే పిన్నులు కొట్టేసి బోల్టులు వేసుకో, చిల్లర ఖర్చు అంటాడు. ఎత్తి వేస్తే పడుతోంది కదా, ఇంకేం కావాలి అని మా నాయన. వచ్చే ఏడాది ఆర్‌సీ రెన్యువల్ కూడా ఉంది. పానాలు పట్టడం నాకు కొంచెం తెలుసు. ఈ పని ఇంట్లో చేసుకోవచ్చా? చేస్తే రెండో వైపు తలుపుకు కూడా చేయాలా?

సమాధానం: ముందు మీ నాయన మాట. తలుపు పడుతోందన్నది నిజమే కావచ్చు, కానీ పడటం వేరు, లాక్ పూర్తిగా అందుకోవడం వేరు. తలుపు లాక్‌లో రెండు మెట్లు ఉంటాయి. మొదటి టిక్కుకే తలుపు పడినట్టు కనిపిస్తుంది, చేత్తో లాగినా రాదు. రెండో టిక్కు వినిపిస్తేనే పూర్తిగా పడినట్టు. ఆ మొదటి మెట్టు పెట్టింది తలుపు ఒక్కసారిగా తెరుచుకోకుండా కాసేపు ఆపడానికే తప్ప, దాని మీద ఊరు దాటి వెళ్లడానికి కాదు. తలుపు జారితే అందులోని లాక్, తలుపు వెనక పిల్లర్ మీద ఉండే స్ట్రైకర్ (లాక్ పట్టుకునే కొక్కెం) కంటే కిందికి వస్తుంది. గట్టిగా కొడితే ఒక టిక్కు పడుతుంది, రెండోది పడదు. మీ జేజి వేసిన తలుపు అలా ఒక్క టిక్కు మీదే ఉండి ఉంటుంది. పని పూర్తయ్యేదాకా ఆమెను వెనక సీట్లో కూర్చోబెట్టండి. ముందు సీట్లో ఎవరు కూర్చున్నా తలుపు మీరే వేసి, రెండో టిక్కు విన్నాకే బండి కదిలించండి.

ఇంట్లో చేసుకోవచ్చా అంటే, చేసుకోవచ్చు. అయితే పిన్నుల కోసం అంగడికి పోయే ముందు లూజు ఎక్కడుందో చూడాలి. చాలామంది ఈ ఒక్క పనీ వదిలేస్తారు. తలుపు జారిందంటే పిన్నులు అరిగాయని అనేసుకుంటారు. కొత్తవి వేస్తారు. తలుపు మళ్లీ అక్కడే ఉంటుంది.

తలుపును సగం తెరవండి. ఇంకొకరిని టార్చి పట్టుకుని హింజ్‌ల దగ్గర కూర్చోమనండి. మీరు హ్యాండిల్ వైపు అంచును కింద నుంచి రెండు చేతులతో పట్టుకుని ఎత్తుతూ, దించుతూ ఉండండి. టార్చి పట్టుకున్నవాళ్లు చూడాల్సింది తలుపును కాదు, హింజ్ రెక్కల్ని, అంటే తలుపుకు ఒకటి, పిల్లర్‌కి ఒకటి బిగించిన పలకల్ని. ఒక రెక్క కదులుతూ రెండోది నిలకడగా ఉండి, మధ్యలో పిన్ను రంధ్రంలో అటూ ఇటూ ఆడుతుంటే పిన్నో, బుష్షో, రెండూనో అరిగినట్టు. రెండు రెక్కలూ కలిసి పిల్లర్ మీదే కదులుతుంటే తప్పు పిన్నుది కాదు. పిల్లర్‌కి బిగించిన బోల్టులు వదులయ్యాయి, లేదా ఆ బోల్టుల చుట్టూ రేకు పగిలింది, తుప్పు తిన్నది. బోల్టులైతే బిగిస్తే సరి. రేకు పగిలితే మాత్రం వెల్డింగ్ పని, అది షెడ్డుకే. హింజ్ దగ్గర ఎక్కడా కదలిక లేకుండా తలుపు మాత్రం కిందికి ఉంటే, ఎప్పుడో దెబ్బ తగిలి తలుపో పిల్లరో వంగి ఉండవచ్చు. దానికీ ఇంట్లో మందు లేదు.

ముందు తలుపుకీ మడ్‌గార్డ్‌కీ మధ్య సందును కూడా చూడండి. పైన వెడల్పై, కింద ఇరుకైతే తలుపు హ్యాండిల్ వైపుకు వాలినట్టు. తలుపు బరువు పై హింజ్‌ను బయటికి లాగుతుంది, కింది హింజ్‌ను లోపలికి నెడుతుంది. కాబట్టి రెండింటినీ విడివిడిగా చూడాలి. ఒకటి బాగా అరిగి, రెండోది ఫర్వాలేదనిపించే బండ్లు చాలా ఉంటాయి.

చిన్న లెక్క చెబుతాను. రెండు హింజ్‌ల మధ్య దూరం 40 సెంటీమీటర్లు, హింజ్ నుంచి తలుపు వెనక అంచుకు మీటరు అనుకుందాం. పై హింజ్‌లో 1 మిల్లీమీటరు లూజు ఉంటే వెనక అంచు దగ్గర అది 2.5 మిల్లీమీటర్లు అవుతుంది. రెండు హింజ్‌లూ అరిగితే ఇంకా ఎక్కువ. అందుకే పిన్ను బయటికి తీసి చూస్తే, ఇంత చిన్న గాడికేనా తలుపు ఇంత జారింది అనిపిస్తుంది.

షెడ్డువాళ్లు హింజ్‌లు మొత్తం మార్చాలన్నారు కదా, వాళ్లు మోసం చేస్తున్నారని వెంటనే అనుకోకండి. పిన్ను రెండు చివరలా రివెట్ కొట్టినట్టు సుత్తి దెబ్బలతో పరుచుకుని ఉంటే, ఆ హింజ్ విప్పడానికి చేసింది కాదు. దాన్ని మొత్తంగా మార్చడమే పద్ధతి. ఒక చివర తలకాయ, రెండో చివర సర్‌క్లిప్పో (పిన్ను జారకుండా పట్టే రింగు), లేక నున్నటి కొసో కనిపిస్తే అది విప్పే రకం. అలాంటప్పుడు పిన్ను, బుష్ మారిస్తే చాలు. పెయింట్ జోలికి పోవాల్సిన పనే లేదు. మీ బండి హింజ్ ఏ రకమో టార్చి వెలుగులో ఒక నిమిషంలో తేలిపోతుంది. ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి, అంగడిలో మాటలతో చెప్పడం కంటే అదే నయం.

ఇక పక్కింటి మామ బోల్టు. ఖర్చు విషయంలో ఆయన మాట నిజమే. కానీ బోల్టు మర ఉన్నచోట రంధ్రాన్ని ఆకురాయిలా కోస్తుంది. మర లేని భాగం కూడా సరిగ్గా పిన్ను కొలతకు రాదు, కొంచెం సన్నగానే ఉంటుంది. వేసిన రోజు తలుపు బాగానే పడుతుంది. కొన్ని నెలలకు హింజ్ రంధ్రం కోలగా అయిపోయి, అప్పుడు నిజంగానే హింజ్ మార్చాల్సి వస్తుంది. మేకు కొట్టడం అంతకంటే అన్యాయం, అది మెత్తటి ఇనుము. మీ మోడల్‌కి పిన్ను దొరక్కపోతే పాత పిన్నును లేత్ షాపుకు తీసుకుపోయి, అరగని భాగం కొలతకు ఈఎన్8 అనే రకం ఉక్కుతో కొత్తది తిప్పించుకోండి. లేత్ పని తెలిసినవాళ్లకు ఆ మాట చాలు.

ఈ పనిలో అసలు సంగతి పిన్ను కంటే బుష్‌లో ఉంది. పిన్నుకీ హింజ్ రెక్కకీ మధ్య అరిగిపోవడానికే పెట్టిన చిన్న గొట్టం అది. కొన్నిట్లో ఇత్తడి, కంచు, కొన్నిట్లో లోపల ప్లాస్టిక్ పూత ఉన్న ఇనుము. తాను అరిగి, పిన్నునూ రెక్కనూ కాపాడుతుంది. బుష్ పూర్తిగా అరిగిపోయినా పట్టించుకోకపోతే పిన్ను నేరుగా రెక్క మీద తిరుగుతుంది. పాత బుష్‌లో కొత్త పిన్ను వేయడం డబ్బు దండగ. ఎప్పుడూ రెండూ కలిపి జతగా కొనండి. బుష్ తీశాక రెక్కలోని రంధ్రాన్ని వర్నియర్‌తో (సన్న కొలతలు తీసే పనిముట్టు) నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి కొలవండి. రెండు కొలతలూ ఒకటే ఉంటే కొత్త బుష్ గట్టిగా కూర్చుంటుంది. తేడా ఉంటే రంధ్రం కోలగా అయినట్టు. అప్పుడు ఆ రెక్కను విప్పి లేత్ షాపులో రంధ్రం పెద్దది చేయించి, దానికి తగ్గ గన్‌మెటల్ (ఒక రకం కంచు) బుష్ దిగ్గొట్టించాలి. ప్రొద్దుటూరులో ఇలాంటి పని చేసే లేత్‌లు ఉంటాయి, పెద్ద పనేం కాదు.

పనికి ముందురోజు సాయంత్రం పిన్ను రెండు చివరలా డీజిల్ గానీ, తుప్పు వదిలించే స్ప్రే గానీ కొట్టి రాత్రంతా నాననివ్వండి. పొద్దున్నే మొదలుపెట్టండి. మే నెల కడప ఎండలో పదకొండు దాటాక రేకు మీద చెయ్యి పెట్టలేరు. బండిని చదునైన నేల మీద ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు రాళ్లు పెట్టండి. మీతో పాటు ఇంకొకరు ఉండి తీరాలి. అద్దంతో కలిపి తలుపు బరువు 20 కిలోలకు పైనే ఉంటుంది. ఆ బరువు ఒక్కసారిగా చేతిలోకి వస్తే మనకు పట్టు దొరకదు.

తలుపును సగం కంటే కాస్త ఎక్కువ తెరిచి, కింది అంచు మధ్యలో జాకీ పెట్టండి. జాకీ మీద చెక్కముక్క, దాని మీద మడిచిన గోనెసంచి. తలుపును ఎత్తకూడదు, బరువు జాకీ మీదికి వచ్చేంత వరకే ఆనించాలి. జాకీ ఎక్కువ ఎత్తితే పిన్ను ఇంకో వైపు బిగుసుకుంటుంది, తక్కువైతే కిందికి బిగుసుకుంటుంది. పిన్ను రాకుండా మొండికేస్తే సుత్తి బరువు పెంచే ముందు జాకీని కొంచెం పైకి, కొంచెం కిందికి మార్చి చూడండి. చాలాసార్లు అక్కడే వదులవుతుంది. తలుపు మరీ వెనక్కి పోకుండా ఆపే పట్టీ హింజ్‌ల మధ్యలో ఉంటుంది. దాని పిన్నును కూడా తీయాల్సి రావచ్చు.

ఏ వైపు నుంచి కొట్టాలన్నది జాగ్రత్తగా చూడండి. చాలా పిన్నులకు తలకాయ దగ్గర సన్నటి గాట్లు ఉంటాయి. పిన్ను ఒక రెక్కలో గట్టిగా పట్టుకుని, రెండో రెక్కలోని బుష్‌లో మాత్రమే తిరగడానికి అవే ఆధారం. కాబట్టి సర్‌క్లిప్ తీసి, కొస వైపు నుంచి తలకాయ వైపుకే కొట్టాలి. పై పిన్ను ఒక దిక్కు నుంచి, కింది పిన్ను ఇంకో దిక్కు నుంచి దిగి ఉన్న బండ్లూ ఉన్నాయి, రెండూ ఒకటేననుకోవద్దు. పిన్ను కంటే కాస్త సన్నగా ఉండే పంచ్ (ఉక్కు కడ్డీ) పెట్టి కొట్టండి. నేరుగా సుత్తితో కొడితే కొస పరుచుకుని రంధ్రంలో ఇరుక్కుంటుంది. కంటికి అద్దాలు తప్పనిసరి. గట్టి ఉక్కు మీద దెబ్బ పడితే రవ్వలు ఎగురుతాయి, ప్రొద్దుటూరులో కంటి డాక్టరు ఉన్నాడులే అని ధీమా వద్దు. ఎంతకీ రాకపోతే గ్యాస్ మంట పెట్టాలనిపిస్తుంది. పెట్టవద్దు. అక్కడే తలుపులోకి పోయే వైర్లు, రబ్బరు బీడింగ్, పెయింట్ అన్నీ ఉంటాయి.

ఒకేసారి రెండు పిన్నులూ తీయకండి. పైది తీసి, కొత్తది వేసి, అప్పుడు కిందిది. పిన్ను మాత్రమే మార్చేటప్పుడు ఈ పద్ధతిలో తలుపు దించాల్సిన పని ఉండదు, వైర్లు విప్పాల్సిన పనీ ఉండదు. బుష్ మార్చాలంటే రెండు రెక్కలూ విడిపోవాలి. చాలా హింజ్‌లలో తలుపును కాస్త పక్కకు జరిపితే బుష్ అందుతుంది. జరగకపోతే తలుపు దించక తప్పదు, అప్పుడు సెంట్రల్ లాక్, స్పీకర్ వైర్ల కనెక్టర్లు ముందే విప్పి పెట్టుకోండి. తలుపు బరువు వైర్ల మీద పడితే కొత్త తలనొప్పి.

హింజ్ రెక్కల్ని పిల్లర్ నుంచి విప్పాల్సి వస్తే, బోల్టులు వదులు చేయకముందే రెక్క చుట్టూ మార్కర్‌తో గీత గీయండి. ఆ బోల్టు రంధ్రాలు కావాలనే వదులుగా ఉంటాయి, తలుపును సరిచేసుకోవడానికి. గీత లేకుండా విప్పితే మళ్లీ అదే చోట కూర్చోబెట్టడానికి ఒక పూట పోతుంది. ఇంటి పనిలో టింకరింగ్ షెడ్డుకు పరుగెత్తేది ఎక్కువగా ఇక్కడే.

పాత బుష్ తీశాక రంధ్రంలో తుప్పును సన్న ఉప్పు కాగితంతో శుభ్రం చేసి తుడవండి. ఎక్కువ రుద్దితే రంధ్రం పెద్దదవుతుంది. కొత్త బుష్‌ను సుత్తితో కొట్టకండి, అంచు పగిలిందంటే ఇంకోటి కొనాల్సిందే. ఒక పొడుగు బోల్టు, నట్టు, రెండు పెద్ద వాషర్లు తీసుకుని, బుష్‌కీ రెక్కకీ కలిపి బిగిస్తూ పోతే నట్టు తిరిగే కొద్దీ బుష్ నిదానంగా లోపలికి దిగుతుంది. బుష్‌కి అంచు ఉంటే పాతది ఏ వైపున ఉందో కొత్తది కూడా ఆ వైపే ఉండాలి. రెండు రెక్కలూ ఒకదానికొకటి రాసుకోకుండా ఆ అంచే కాపాడుతుంది. మరీ బిగుతుగా ఉంటే ఇత్తడి బుష్‌ను గంటసేపు ఫ్రీజర్‌లో పెట్టి తీయండి. మిల్లీమీటరులో వందో వంతు మేర సన్నబడుతుంది. వినడానికి చాలా తక్కువే కానీ, దిగడానికి ఆ మాత్రం సరిపోతుంది.

రెండు పిన్నులూ వేశాక జాకీ తీసి తలుపు వేసే ముందు ఒక్క క్షణం ఆగండి. ఏడాదిగా జారిన తలుపు కదా, ఈలోపు ఎవరో ఒకరు స్ట్రైకర్‌ను కిందికి దించి ఉండవచ్చు. ఇప్పుడు తలుపు పైకి వచ్చింది, స్ట్రైకర్ మాత్రం కిందే ఉంది. బలంగా వేస్తే లాక్ దానికి గుద్దుకుంటుంది. పని చెడిపోయిందేమోనని మీకు టెన్షన్. పిన్నులది తప్పేం కాదు. స్ట్రైకర్ చుట్టూ పెయింట్ మీద పాత గుర్తు కనిపిస్తుంది, బోల్టులు కొంచెం వదులు చేసి అక్కడికి జరపండి. తలుపును మెల్లగా దగ్గరికి తెస్తూ లాక్ సరిగ్గా స్ట్రైకర్ మధ్యలోకి వస్తోందా చూసి, తర్వాత బిగించండి. తలుపు వేసేటప్పుడు చివర్లో ఎత్తినట్టుగానీ, నొక్కినట్టుగానీ అనిపించకూడదు. రెండు టిక్కులూ వినిపించాలి.

గ్రీజు విషయంలో మీ ప్రాంతానికి ప్రత్యేకంగా ఒక మాట. సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాయి గనులు, రోజంతా లారీలు. అందరూ సున్నపు దుమ్మును తిడతారు కానీ అది మెత్తదే. ఉక్కును తినేది దానితో కలిసివచ్చే ఇసుక నలుసు, అందులోని క్వార్ట్జ్ మామూలు ఉక్కు కంటే గట్టిది. గ్రీజు ఎక్కువ పూస్తే అది పట్టుకునేది ఈ నలుసునే. పిన్నుకు పలుచగా లిథియం గ్రీజు రాసి వేయండి, బయటికి వచ్చింది గుడ్డతో పూర్తిగా తుడిచేయండి. ప్లాస్టిక్ పూత బుష్‌లకైతే సిలికాన్ స్ప్రే చాలు. మార్చిన పాత ఇంజినాయిల్ మాత్రం వద్దు, మన ఊళ్లలో గేట్లకూ తలుపులకూ అదే పోస్తారు. దానిలో అప్పటికే ఇనుప రజను ఉంటుంది.

దుమ్ము కంటే ఎక్కువగా మీ తలుపును అరగదీసింది ఎవరో ఊహించగలను. ఎత్తైన జీపు, ఎడమ వైపు ముందు సీటు, వయసు మళ్లిన మనిషి. ఎక్కేటప్పుడు తెరిచిన తలుపు అంచును పట్టుకుని ఊగి ఎక్కుతారు, దిగేటప్పుడు శరీరం బరువంతా దాని మీదే. మీ జేజిని ఏమీ అనకండి, ఆమెకు పట్టుకోవడానికి ఇంకేమీ లేదు. పిల్లర్‌కి లోపలి వైపు ఒక పట్టుకునే హ్యాండిల్ బిగించండి, కింద చిన్న మెట్టు వేయించండి. ఇది చేయకపోతే కొత్త పిన్నులూ త్వరగానే అరుగుతాయి. తలుపు బార్లా తెరిచి పాటలు పెట్టుకుని, దాని మీద మోచేతులు ఆనించి కబుర్లు చెప్పే కుర్రాళ్లు మీ ఇంట్లో ఉంటే వాళ్లకూ చెప్పండి.

ఆర్‌సీ సంగతి. సొంత వాహనానికి 15 ఏళ్లు నిండాక రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలంటే బండికి ఫిట్‌నెస్ తనిఖీ చేయించక తప్పదు. అది గడిస్తే ఇంకో ఐదేళ్లు. ఎత్తి వేసే తలుపుతో ఆ తనిఖీకి పోవడం కంటే ఇప్పుడే చేసేసుకుంటే ఆ రోజు చూసుకోవడానికి బ్రేకులు, లైట్లు మిగులుతాయి.

రెండో వైపు తలుపుకు కూడా అదే పరీక్ష పెట్టండి. హింజ్ దగ్గర కదలిక కనిపిస్తే అదే రోజు చేసేయండి, పనిముట్లన్నీ ఎలాగూ బయటే ఉంటాయి. కదలిక లేకపోతే ముట్టుకోకండి. పద్నాలుగేళ్లుగా గట్టిగా కూర్చున్న పిన్నును కొట్టి తీస్తే బాగున్న రంధ్రాన్ని పాడుచేసుకోవడం తప్ప లాభం లేదు. బుష్‌లు మాత్రం ఆ వైపు జత కూడా ఇప్పుడే కొని ఇంట్లో పెట్టుకోండి. పాత మోడల్ పార్టులు అంగడిలో ఉన్నప్పుడే తెచ్చుకోవడం మంచిది.